విమానం పొట్ట కింద మా మామయ్య

విమానం పొట్టలోంచి నీళ్ళు కారడం మొదలైనప్పుడు మా మామయ్య ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు. అంతకు కాస్త ముందే గొప్పగా ఒక మాట అన్నాడు. ఆ మాట తాలూకు నవ్వు అది. కింద నీళ్ళు పోతున్నాయి, పైన నవ్వు అలాగే ఉంది. మనిషి ముఖం అంత ఆలస్యంగా మారడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కార్లకు సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు ఉంది. అమ్మకు జబ్బు చేసి నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయినప్పుడు, "ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు నా దగ్గరికి రావే, కార్లన్నా చూద్దువుగాని" అని పిలిచాడు. అప్పటినుంచీ కారు అద్దాలకూ దీపాలకూ పాత పేపర్లు చుట్టి టేపు అంటించడం, రంగు ఆరాక ఆ టేపు ఒలవడం నా పని. నోరు విప్పక్కర్లేని పని కాబట్టి నాకు బాగానే కుదిరింది.

సొట్ట తీసి, పల్లాలు పూడ్చే లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్దాక మామయ్య కళ్ళు మూసుకునేవాడు. అరచెయ్యి రేకు మీద ఆనించి, నిద్రపోయే పిల్లాడి వీపు నిమిరినట్టు జరుపుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది. మేం ఎంత వంగి చూసినా అక్కడ ఏమీ కనిపించేది కాదు. "కన్ను మోసం చేస్తుందే, చెయ్యి చెయ్యదు" అని మళ్ళీ లప్పం డబ్బా అందుకునేవాడు. ఒకసారి లారీ కింద నలిగిన కారును ఎంత కొత్తగా చేశాడంటే, దాని యజమాని వచ్చి "ఇది నా కారు కాదు, మార్చేశారు" అని పోట్లాటకు దిగాడు. మామయ్య ఆ సంగతి కొత్తగా ఎవరు పరిచయమైనా చెప్పేవాడు. పరిచయం పాతబడినా చెప్పేవాడు.

అలాంటి చెయ్యి పోయి పోయి విమానం మీద పడింది.

మా షెడ్డు వెనక వీధి చివర, మూతబడిన టెక్నికల్ స్కూలు ఒకటి ఉంది. ఎగిరే కాలం అయిపోయిన ఒక యుద్ధవిమానాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పుకోమని సైన్యంవాళ్ళు ఎప్పుడో ఆ స్కూలుకు ఇచ్చారు. స్కూలు పోయింది, విమానం మిగిలింది. మామయ్య మొదటిసారి చూసేసరికి దాని టైర్లు నేలకు కరుచుకుపోయి ఉన్నాయట, వీపంతా పావురాల రెట్టలట. స్కూలు పిల్లలెవరో చేతికొచ్చినట్టు పూసిన వెండి రంగు చర్మం ఊడినట్టు ఊడుతోందట. "ఆకాశాన్ని అదరగొట్టినదాన్ని గొడ్డును కట్టేసినట్టు కట్టేశారే" అంటూ ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదని అత్తయ్య చెప్పేది.

తరవాత ఆదివారం ఒక బకెట్టు, గుడ్డపీలికలు పట్టుకుని పోయాడు. అక్కడ ఇంకో ఇద్దరు కనిపించారు. ఒకాయన లెక్కల మాస్టారు, ఉద్యోగం నుంచి రిటైరైనాయన. ఆ విమానం వేగం, బరువు, ఎంత ఎత్తుకు పోతుంది, ఎంత దూరంలో తిరగ్గలదు, అన్నీ ఆయనకు కంఠోపాఠం. రెండో ఆయన బట్టల కొట్టు యజమాని. చిన్నప్పుడు పైలట్ కావాలనుకుని కళ్ళజోడు వల్ల కాలేకపోయాడు, ఆ కసి ఇంకా తీరలేదు. కొన్నాళ్ళకు అంబులెన్సు డ్రైవరు ఒకడు కలిశాడు. అతనికి విమానాలంటే ప్రేమ, మాస్టారిని ఏడిపించడమంటే ఇంకా ప్రేమ. వీళ్ళని మా వీధిలో ఆదివారం బ్యాచ్ అనేవాళ్ళు.

"నాకు సవతి ఉందమ్మా" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరితో చెప్పేది. "తెల్లారకుండానే పోతాడు. స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, రంగు పూసి మరీ వస్తాడు. నన్ను ఏనాడైనా అట్లా చూశాడేమో అడగండి."

"నువ్వు కూడా ఎండావానల్లో కదలకుండా నిలబడు, నీకూ పూస్తా" అనేవాడు మామయ్య.

బ్యాచ్‌కు ఒక ఆట ఉండేది. ప్రతి ఆదివారం పని అయ్యాక ఒక్కొక్కరూ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని విమానం కిందికి దూరేవాళ్ళు. కళ్ళు మూసుకుని, ముక్కు నుంచి తోక దాకా పొట్ట మీద అరచెయ్యి జరుపుకుంటూ పోవాలి. ఎక్కడైనా చెయ్యి ఆగిందా, ఆ వారం అందరికీ మామయ్యే టీ పోయించాలి. ఆగకపోతే వాళ్ళు ఆయనకు పోయిస్తారు. మొదట్లో ప్రతివారం మామయ్యే ఓడిపోయేవాడు. మేకులు, గీతలు, అతుకులు, చిన్న చిన్న బెజ్జాలు, ఎన్నో తగిలేవి. "అన్నా, ఇక్కడ ఎలకబొక్క ఉంది, టీతోపాటు బిస్కెట్లు కూడా!" అని కిందినుంచి డ్రైవరు అరిచేవాడు. మామయ్య లప్పం కలుపుకుని వెళ్ళి దాన్ని పూడ్చి, రుద్ది, రంగేసేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ చేతులు ఆగడం తగ్గింది. ఆఖరికి ఎవరి చెయ్యీ ఎక్కడా ఆగేది కాదు. మామయ్య ఊరికే టీలు తాగీ తాగీ కడుపులో మంట తెచ్చుకున్నాడు.

విమానం మాత్రం అద్దంలా ఉండేది. పొట్ట కింద పడుకుంటే మన ముఖం మనకు కనిపించేది. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు జంటల్ని అక్కడికి తీసుకొచ్చేవాళ్ళు. ఎగరడం గురించి మాస్టారికి తెలియనిది లేదు. అది నేల మీద ఎలా నిలబడాలో మాత్రం మాలో ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

ఒకరోజు స్కూలు గోడ మీద ఎర్ర గీతలు కనిపించాయి. ఆ స్థలంలో బస్సు డిపో కడతారట. విమానాన్ని ఎవరైనా తీసుకుపోతే సరి, లేకపోతే తుక్కు కింద వేస్తారట. వాచ్‌మన్ ఆ మాట చెప్పగానే బట్టల కొట్టాయన కుర్చీ కోసం చెయ్యి చాపాడు. అక్కడ కుర్చీ లేదు. కింద కూలబడ్డాడు. డ్రైవరు కూడా ఆయన్ని చూసి నవ్వలేదు.

మాస్టారు ఎవరెవరికో ఫోన్లు చేశారు. చివరికి దూరంగా ఉన్న ఒక విమానాల మ్యూజియంవాళ్ళు ఒప్పుకున్నారు. మా ఇంజినీరు వచ్చి చూస్తారు, ఎత్తి తీసుకుపోగలిగే స్థితిలో ఉంటే తీసుకుపోతాం అన్నారు. ఆ మాట వినగానే మామయ్య షెడ్డు తలుపు దగ్గరగా వేసి విమానం పనిలో పడ్డాడు. రెండు కార్లు సగం రంగుతో, ఇంకొకటి తలుపుల్లేకుండా పడి ఉన్నాయి. ఆ కార్లవాళ్ళు వచ్చి అరుస్తుంటే అత్తయ్య సమాధానం చెప్పుకుంది. "పెళ్ళిచూపులండీ, మా సవతికి. అయ్యేదాకా ఆగండి."

ఇంజినీరు వయసులో నాకంటే కాస్త పెద్దది, అంతే. తాను నడుపుకొచ్చిన కారును గేటు దగ్గర ఆపి, చిన్న సంచీ భుజాన వేసుకుని వచ్చింది. విమానం చుట్టూ ఒకసారి తిరిగింది. "అబ్బ, ఎంత బాగా ఉంచారండీ!" అంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. మామయ్య చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో బహుమతి పిలుపు కోసం చూసే పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె పలక మీద పడుకుని కిందికి దూరింది. చాలాసేపు బూట్లు మాత్రం అటూ ఇటూ జరిగాయి.

"బెజ్జాలేవండీ?" అని వినిపించింది.

"ఏ బెజ్జాలమ్మా?"

"పొట్ట కింద, రెక్కల కింద చిన్న చిన్న బెజ్జాలుండాలి. ఒక్కటీ కనపడట్లేదు."

మామయ్య ముఖం వెలిగిపోయింది. "అవా! కనపడవమ్మా. అన్నీ మూసేశా. ఒక్కటి మిగిల్చానేమో వెతకండి చూద్దాం. చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడా తగలదు."

"మేడం, చెయ్యి ఆగితే అన్న టీ పోయిస్తాడు" అన్నాడు డ్రైవరు.

ఆమె నవ్వలేదు. కిందినుంచి చెయ్యి ఒకటి బయటికొచ్చి, సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని మళ్ళీ లోపలికి పోయింది. గీకుతున్న చప్పుడు. తరవాత టప్‌మని లప్పం పెంకు ఊడిన చప్పుడు. ఆ వెంటనే ఆమె పలకతో సహా పక్కకు దూసుకొచ్చింది, చొక్కా తడిసిపోయి.

నీళ్ళు. ముందు దారంలా, తరవాత కుళాయి విప్పినట్టు. టీ రంగులో ఉన్నాయి. మురుగు వాసన. ఆగుతాయని చూశాం. ఆగలేదు. సిమెంటు నేల మీద పాయగా పారి మాస్టారి చెప్పుల దగ్గరకొచ్చాయి. ఆయన కాళ్ళు తియ్యలేదు. నీళ్ళతోపాటు తెల్లటి పొడి, పొరలు పొరలుగా ఊడిన రేకు పెచ్చులు కొట్టుకొచ్చాయి. అప్పుడు చూశాను మామయ్య ముఖంలో ఆ నవ్వు.

ఇంజినీరు లేచి, రెక్క మొండేనికి అతికే చోట ఒక మూత విప్పింది. లోపల రెక్కను మోసే దూలం ఉంటుందట. దానికి స్క్రూడ్రైవరు ఆనించి ఒత్తింది. పిడి దాకా దిగిపోయింది, పుచ్చిన కర్రలోకి దిగినట్టు.

"అమ్మో" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"వాన నీళ్ళు పైనుంచి ఎలాగైనా లోపలికి పోతాయండీ" అందామె, ఎవరి ముఖమూ చూడకుండా. "ఎంత మూసినా ఏదో ఒక సందు దొరుకుతుంది. అవి కిందినుంచి పోవడానికే ఆ బెజ్జాలు. ఇది ఏళ్ళ తరబడి లోపల నీళ్ళు పెట్టుకుని నిలబడింది. ఎత్తితే రెక్కలు ఊడిపోతాయి."

బట్టల కొట్టాయన ఒక్కసారిగా మామయ్య మీదికి తిరిగాడు. "కార్లకు పూసుకునేవాడి చేతిలో విమానం పెడితే ఇంతే అవుతుంది! నువ్వు చంపావయ్యా దీన్ని. నీ చేత్తో నువ్వే చంపావు!"

"ఆ కింద పడుకుని శభాష్ అన్నది ఎవరయ్యా?" అన్నారు మాస్టారు. "నువ్వూ నేనూ కాదూ?"

మామయ్య నీళ్ళు దాటుకుని గేటు వైపు నడిచాడు. వెళ్ళిపోతున్నాడనుకుని నేను వెంటపడ్డాను. ఆయన ఇంజినీరు కారు దగ్గర ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు కింది అంచు వెంబడి వేలు పెట్టి తడిమాడు. అక్కడ సన్నటి చీలికలుంటాయి. ఏ కారు తలుపుకైనా ఉంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాన నీళ్ళు వాటిలోంచే పోతాయి. మా షెడ్డులో వాటిలోకి లప్పం పోనిచ్చినవాడికి మామయ్య చేతి మొట్టికాయ తప్పేది కాదు. "సన్నాసీ, తలుపు లోపల చెరువు తవ్వుతావా?" అని తిట్టేవాడు. రంగు ఆరాక ఆ చీలికల్లో సన్న తీగ దూర్చి చూడనిదే ఏ కారునూ బయటికి పంపేవాడు కాదు.

నాకు విషయం అర్థమైంది.

డ్రైవరు కూడా వచ్చి నిలబడ్డాడు. అతనికీ అర్థమైంది. "అన్నా, నీకు తెలుసు కదన్నా" అన్నాడు మెల్లగా. "మరి దానికెందుకు మూశావు?"

మామయ్య వేలు ఇంకా ఆ చీలికలోనే ఉంది. "కారుకైతే మూసేవాణ్ణి కాదురా" అన్నాడు. "అది వానలో నిలబడిందని నాకెప్పుడూ అనిపించలేదు. ఎప్పుడు చూసినా ఎగురుతున్నట్టే ఉండేది."

రెక్కలకు ముందున్న భాగం మాత్రం పొడిగా ఉందని ఇంజినీరు తేల్చింది. ముందు చక్రం మడిచే అర కిందికి తెరుచుకునే ఉండటంతో ఆ భాగంలో నీళ్ళు నిలవలేదు. ముక్కు, పైలట్ కూర్చునే చోటు, అంతవరకు తీసుకుపోవచ్చు. కానీ కొయ్యాలి. తుక్కువాళ్ళ చేతికిస్తే గ్యాసు మంటతో కోస్తారు, లోపలి తీగలూ మీటర్లూ మాడిపోతాయి.

"నేను కోస్తా" అన్నాడు మామయ్య.

మేమంతా ఆయన వైపు చూశాం. దాని మీద కాకి వాలితే రాయి తీసుకునే మనిషి.

ఆ రాత్రి ఇంట్లో అత్తయ్య కంచం ముందు పెట్టి కూర్చుంది. ఆయన ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు. సవతి మాట ఆమె ఎత్తలేదు. వంటింట్లోకి వచ్చి నాతో అంది, "తిట్టడానికి కూడా నోరు రావట్లేదే. ఏం మనిషే ఈయన!"

కోసేరోజు ఎక్కడ కొయ్యాలో ఇంజినీరు సుద్దతో చూపించింది. ఆ గీత వెంబడి నేను టేపు అంటించాను. టేపు వంకర పోతోందని రెండుసార్లు ఒలిచి మళ్ళీ అంటించాల్సి వచ్చింది. మామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని గ్రైండరు ఆన్ చేశాడు. ముందు తెల్లటి దుమ్ము లేచింది. చాలాసేపు దుమ్మే. నిప్పురవ్వలు రావు, లోహం చప్పుడు రాదు. కోసే చక్రం ఎంత దిగినా లప్పమే కోసుకుపోతోంది. ఆ తరవాత ఎప్పటికో రేకు కీచుమంది.

ముందు భాగం విడిపోయి క్రేను మీద పైకి లేచినప్పుడు కోసిన అంచు మా కళ్ళెదుట ఆగింది. మధ్యలో రేకు గోరంత పల్చగా ఉంది. దాని మీద లప్పం, రంగు, మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు, బొటనవేలంత మందంగా ఉన్నాయి. మేం ఇన్నేళ్ళూ నిమిరింది విమానాన్ని కాదు. మామయ్య పూసినదాన్ని.

బట్టల కొట్టాయన దగ్గరకొచ్చి ఆ అంచును వేలితో తాకాడు. అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

లారీ బయల్దేరేముందు ఇంజినీరు అంది. "పైకప్పు కింద పెడతామండీ, వాన తగలదు. రంగు వెయ్యడానికి మీరే రావాలి."

"రంగు వద్దు తల్లీ" అన్నాడు మామయ్య. "దాన్నట్లాగే ఉంచండి."

తెల్లారి తుక్కువాళ్ళు వచ్చారు. మేం షెడ్డుకు పోయి చూస్తే మామయ్య లేడు. ఉలి, సుత్తి కూడా లేవు. పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన తల తెగిన విమానం పొట్ట కింద పలక మీద పడుకుని ఉన్నాడు. మీద లప్పం పెంకులు రాలుతున్నాయి. జుట్టంతా తెల్లగా ఉంది.

తుక్కు మేస్త్రీ తల పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఈయన? ఇది ఎల్లుండికి కొలిమిలో ఉంటుంది. ఆ లప్పం దానంతటదే మాడిపోతుంది, చెక్కక్కర్లేదని చెప్తే వినడే!"

నా వెనకే వచ్చిన అత్తయ్య వంగి కిందికి చూసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ? లేవండి, ఇంటికి పోదాం."

"లాభం లేదే" అన్నాడు కిందినుంచి. "దీని ఒళ్ళు అసలు ఎట్లా ఉండేదో ఒకసారి చూద్దామని."

ఉలి దెబ్బలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. "ఒసేయ్, ఇట్లా రావే" అని నన్ను పిలిచాడు. ఆ గొంతుకి భయపడి గబగబా పాక్కుంటూ వెళ్ళాను. లప్పం పోయింది. దాని కింద మామయ్య రంగులు పోయాయి. వాటి కింద స్కూలు పిల్లలు పూసిన వెండి రంగు కూడా ఊడింది. అన్నిటికన్నా అడుగున, అసలు రేకు మీద, వేలు పట్టని బెజ్జం ఒకటి ఉంది. దాని చుట్టూ ఎర్రటి సున్నా. కుంచెతో, ఎక్కడా చెదరకుండా, ఎవరో ఓపిగ్గా గీసినది.

మామయ్య పక్కకు జరిగి ఇంకోచోట చెక్కాడు. ఇంకో బెజ్జం, ఇంకో ఎర్ర సున్నా. రెక్క కింద చెక్కాడు. అక్కడా ఉంది.

"సైన్యంలో దీన్ని చూసుకున్నవాడెవడో చెప్పే పోయాడే" అన్నాడు. "వీటిని మూయొద్దని గుర్తుపెట్టి మరీ పోయాడు."

తుక్కు మేస్త్రీ వంగి చూసి, తన వాళ్ళతో "కాసేపు ఆగండ్రా" అన్నాడు. మామయ్య నా వైపు చెయ్యి చాపాడు. జడకు పెట్టుకున్న పిన్ను తీసి ఇచ్చాను. ఆయన దాన్ని సాపుచేసి మొదటి బెజ్జంలో దూర్చి తిప్పాడు. తెల్లటి పొడి రాలింది. రెండు చుక్కలు నీళ్ళు ఆయన చెంప మీద పడ్డాయి. తుడుచుకోకుండా రెండో బెజ్జం దగ్గరికి జరిగాడు.